తొంభై తొమ్మిది దగ్గర

బెళ్ళందూరులో నాలుగో అంతస్తు, కిటికీ పక్క బల్ల.
మూడు వారాలు కూర్చుని నేను చేసింది
ఒక గీత.
వేలి గోరంత మందం, నీలం రంగు,
ఎడమ నుంచి కుడికి నిండటమే దాని బతుకు.

ఇంతేనా అంటారు ఎవరైనా.
ఇంతే.
వెళ్ళిన బైట్లు పైన, మొత్తం బైట్లు కింద,
భాగించి వందతో హెచ్చవేయడం.
నాలుగో తరగతిలో రాక
నేను గోడకుర్చీ వేసిన లెక్కే.

కాకపోతే ఒక మెలిక ఉంది.
గుమ్మం దాటింది ఎంతో ఆ లెక్కకి తెలుసు,
ఊరు చేరింది ఎంతో తెలియదు.
చివరి ముక్క కూడా తీగలోకి జారాక
అవతల సర్వర్ మూట విప్పుకోవాలి,
సరిచూసుకోవాలి, దాచుకోవాలి,
అప్పుడు గానీ 'ఆఁ' అనదు.
ఆ 'ఆఁ' వినపడేదాకా
నా గీత ఏం మొహం పెట్టుకుని నిలబడాలి?

"ఆగనివ్వకు," అన్నాడు చెంగప్ప.
"ఆగిందంటే మూసేసి మళ్ళీ మొదలెడతారు.
కొంచెం కొంచెం కదుపుతూ ఉండు."
అందరూ చేసేదే.
ఆకలేసిన పిల్లకి ఉడికింది ఉడికింది అని చెప్పినట్టు
తొంభై దాటాక నెట్‌వర్క్‌ని అడగడం మానేసి
సెకనుకి ఇంత అని నేనే తోశాను.
తొంభై తొమ్మిది దగ్గర రాయి అడ్డం పెట్టాను.
డెమోలో, ఎంత మెత్తగా నడుస్తోందో అన్నారు.
ఎవరో కాజు బర్ఫీ తెచ్చారు.

జూన్‌లో హోసకోటె పంపారు,
వాడేవాళ్ళని చూసి రమ్మని.
టైర్ల కొట్టు మీద స్కానింగ్ సెంటర్.
తలకి స్కాన్ తీసి జయనగర్‌లో డాక్టరుకి పంపుతారు.
అక్కడే ఉంచాలో, అంబులెన్స్ ఎక్కించాలో
ఆయన చూసి చెప్పాలి.
మిషను నడిపే మునిరత్న
మూడొందల నలభై ఎంబీ ఫైలు లాగి
నా గీత మీద పడేసింది.

లోపల, సెంట్రింగ్ చెక్క జారి పడ్డ కుర్రాడు.
బయట అతని మేస్త్రీ తిప్పేస్వామి, మడకశిర మనిషి,
మోచేతుల దాకా ఎండిన సిమెంటు.
చదువు రాదు. అయినా అద్దంలోంచి
గీతనే చూస్తున్నాడు.
"నిండుతాండాదామ్మా?"
"నిండుతా ఉందన్నా, తొంభై నాలుగు."
కొళాయి కింద బిందె పెట్టినవాడి ఓర్పు.

వాన. హైవే అవతల ఎక్కడో పిడుగు.
మూలన రౌటర్ మీద పచ్చదీపం
ఎప్పుడు ఆరిందో ఎవరం చూడలేదు.
తొంభై ఐదు.
తొంభై ఆరు.
ఒక్క బైటూ గడప దాటట్లేదు,
నా గీత మాత్రం నడుస్తూనే ఉంది,
నేను నేర్పినట్టే,
బుద్ధిగా.
"అయిపోవచ్చిందన్నా," అంది మునిరత్న.
తిప్పేస్వామి కళ్ళు మూసుకుని
నేను రాసిన ఆరు లైన్ల కోడ్‌కి
దండం పెట్టాడు.

పదకొండు నిమిషాలు.
అప్పుడు తెలియలేదు, తర్వాత లాగ్‌లో చూశాను.
నా ఫోనులోంచి నెట్ ఇచ్చి మొదటినుంచి పంపాం.
డాక్టరు పిలిచాడు. అంబులెన్స్ వచ్చింది.
కుర్రాడు బతికాడు, మాట కాస్త తడబడుతోందట,
మునిరత్న నెల తర్వాత చెప్పింది.
ఆ తడబాటులో నా పదకొండు నిమిషాల వాటా ఎంతో
వెళ్ళినవి పైన, మొత్తం కింద వేసి
తేల్చే లెక్క కాదు.
నేను ఎవరినీ అడగలేదు.

సోమవారం ఆ ఆరు లైన్లూ తీసేశాను.
ఫైలుని ముక్కలు చేశాను,
తెగిన చోటు నుంచే మళ్ళీ అందుకునేలా.
గీత కింద కన్నడలో, తెలుగులో:
'పంపాం. అవతల నుంచి ఇంకా జవాబు లేదు.'
'లైను తెగింది. ఇక్కడిదాకా చేరింది.'
చెంగప్ప చూసి చాలాసేపు మాట్లాడలేదు.
"చూడ్డానికి బాలేదు," అన్నాడు. "ఉండనీ."

తిప్పేస్వామి ఇదీ చదవలేడని
రాత్రి పదింటికి, క్యాబ్ ఎక్కబోతూ, గుర్తొచ్చింది.
మళ్ళీ పైకి వెళ్ళాను.
ఆగినప్పుడు నీలం పోయేలా చేశాను.
బూడిద రంగుల్లో చాలా చూశాను,
చివరికి ఎండిన సిమెంటుకి దగ్గరగా ఉన్నది
పెట్టాను.